గిట్టలు కోసే రోజున నవల

మీరు నవలలు ఎక్కడ కూర్చుని రాస్తారు అని ఎవరైనా అడిగితే నాకు నవ్వొస్తుంది. కూర్చోవడం కుదిరితే కదా! మాది మేకల ఫారం. మెల్‌బోర్న్‌కి పడమరగా వెర్రిబీ దాటి, జీలాంగ్ కూడా దాటి, ఇంకో గంట కారు నడిపితే వస్తుంది. తెల్లటి ఒళ్ళూ ఇటుకరంగు తలా ఉండే బోయర్ మేకలు, పిల్లల్ని లెక్కలోకి తీసుకోకపోతే, తొంభై దాకా ఉంటాయి. పొద్దున్నే నీళ్ళతొట్లు చూడాలి, కంచె ఎక్కడ వంగిందో చూడాలి, నక్క అడుగులు పడ్డాయేమో చూడాలి. ఈ చూడడాలన్నీ అయ్యాక టీ పెట్టుకుని వంటింటి బల్ల ముందు కూర్చుంటే ఒక వాక్యం వస్తుంది. రెండోది వచ్చేలోపు ఫోన్ మోగుతుంది.

"ఆంటీ, మేకపోతు ఉందా?"

మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో కొత్త ఇల్లు కట్టుకున్న ఎవరో సాఫ్ట్‌వేర్ ఆయన. ఉంది నాయనా, గురువారం కబేళాకి తోలతాం, శనివారానికి ముక్కలు కొట్టించి ఇస్తారు అని చెప్తాను. "థాంక్యూ ఆంటీ. అన్నట్టు మా అత్తగారు వచ్చారు ఇండియా నుంచి. మీ నవల చదువుతున్నారు. ఒకటే ఏడుపు ఆంటీ!" అంటాడు. కథకి వచ్చిన ఏడుపా, కొన్నందుకు వచ్చిన ఏడుపా అని అడిగేలోపు పెట్టేస్తాడు.

ఒకే ఫోన్లో మేకా నవలా రెండూ అమ్ముకునే రచయిత్రి ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. ఉంటే ఆవిడతో ఒక పూట కూర్చుని కబుర్లు చెప్పుకోవాలని ఉంది.

ఫారం మా ఆయన కోరిక. పాయింట్ కుక్‌లో ఉండగా ఆయన కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఇరవయ్యేళ్ళు ఆ మోతలో పనిచేశారు. ఫ్యాక్టరీ మూతపడ్డ రోజు ఇంటికొచ్చి, బూట్లు విప్పుతూ, "ఇంక మనుషుల దగ్గర పనిచెయ్యను. మేకల దగ్గర చేస్తాను" అన్నారు. వేళాకోళం అనుకున్నాను. రెండు నెలల తర్వాత నన్ను కార్లో ఎక్కించుకుని తీసుకొచ్చి ఈ నేల చూపించారు. అప్పటికి ఇక్కడ ఎండిన గడ్డీ, ఒక రేకుల షెడ్డూ, విపరీతమైన గాలీ తప్ప ఏమీ లేవు. నేనొక్క షరతు పెట్టాను. రోజుకి రెండు గంటలు నన్నెవరూ పిలవకూడదు, కొంప అంటుకున్నా సరే అన్నాను. ఇక్కడి వేసవి సంగతి తెలియక అన్న మాట అది. మొదటి జనవరిలోనే పక్క ఫారం దాకా మంట వచ్చి వెళ్ళింది. అప్పటినుంచి ఆ షరతులో నిప్పుకి మినహాయింపు ఇచ్చాం.

ఇక అసలు సంగతి. మా ఆయనకి తెలుగు చదవడం రాదు.

ఆయన పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో. మా మామగారు లోకోషెడ్డులో ఫిట్టరు. పూర్వీకులది శ్రీకాకుళం వైపు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బళ్ళో హిందీ ఇంగ్లీషు. తెలుగు మాట్లాడ్డం మొదలుపెడితే ఆపలేం గానీ, అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. ఈ సంగతి నాకు పెళ్ళయ్యాక గానీ తెలియలేదు. నిశ్చితార్థం అయ్యాక తెనాలిలో మా పుట్టింటి నుంచి నేను వారానికో ఉత్తరం రాసేదాన్ని, ఎంతో ఆలోచించి, మంచి మంచి మాటలు ఏరి. జవాబు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు వచ్చేది. పెళ్ళయ్యాక ఖరగ్‌పూర్ వెళ్తే పక్క క్వార్టర్ పిన్నిగారు నన్ను చూసి మెటికలు విరిచి, "ఎంత బాగా రాసీదానివమ్మా! నాకైతే కళ్ళంట నీళ్ళొచ్చీవి" అంది. నా ఉత్తరాలన్నీ ఈయనకి చదివి వినిపించింది ఆవిడే! సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఏ ఉత్తరంలో ఏం రాశానో ఈయనకి పొల్లు పోకుండా గుర్తుంది. చదవడం రానివాళ్ళు వినడంలో ఘనులని నాకు ఆ రోజే అర్థమైంది.

మేకల గిట్టలు మన గోళ్ళలాంటివే. రాళ్ళ నేల మీద తిరిగితే వాటంతట అవే అరుగుతాయి. మాది మెత్తటి నేల, అందుకని రెండు నెలలకోసారి కత్తిరించాలి, లేకపోతే కుంటుతాయి. షెడ్డులో మోకాలెత్తు చెక్క బల్ల ఉంటుంది. మేకని దాని మీదికి ఎక్కించి, మెడ కదలకుండా చట్రంలో బిగించి, ముందు దాణా పెడతాం. ఆయన పొట్టి స్టూలు మీద కూర్చుని ఒక్కో కాలూ మోకాలి మీద పెట్టుకుని కత్తెరతో కోస్తారు. నా పని దాణా అయిపోకుండా చూడడం. అంటే పని లేనట్టే. మొదటి ఏడాది ఒక ఆదివారం, ఊరికే కూర్చోలేక, రాసిన కాగితాలు పట్టుకెళ్ళి గట్టిగా చదివాను. నాలుగు కాళ్ళు అయ్యేసరికి రెండు పేజీలయ్యాయి. తొంభై మేకలయ్యేసరికి, మూడు ఆదివారాల్లో, సగం నవల అయింది. అప్పటినుంచి ఇంట్లో అదే పద్ధతి. గిట్టలు కోసే రోజు నవల చదివే రోజు.

ఆయన విమర్శ చాలా పొదుపు. మామూలుగా సాగుతుంటే "హూఁ" అంటారు. విసుగు పుడితే "ఇంకో మేకని తే" అంటారు. ఎక్కడైనా తప్పు దొరికితే తలెత్తి చూస్తారు. మొదటి నవలలో నా నాయికకి కార్తీకంలో నెల తప్పింది, మరుసటి ఏడు ఆశ్వయుజంలో నొప్పులొచ్చాయి. కత్తెర ఆపి, వేళ్ళ మీద లెక్కపెట్టి, "మేకకి అయిదు నెలలు. మనిషికి తొమ్మిది. నీ హీరోయిను ఏ జాతి?" అన్నారు. నేను కాసేపు పోట్లాడాను, మాసాలు తెలియని మనిషి మాసాల గురించి మాట్లాడకూడదని. ఆ సాయంత్రం నొప్పుల్ని రెండు నెలలు ముందుకి జరిపాను.

మేకలు కాగితాలు తింటాయని లోకమంతా అనుకుంటుంది. మా మేకలు తినవు. ఒకసారి గాలికి నా మూడో నవల మొదటి పేజీ దొడ్లోకి ఎగిరిపోతే ఒక ముసలి మేక వాసన చూసి, తుమ్మి, అవతలికి వెళ్ళిపోయింది. సమీక్షలు రాసేవాళ్ళు కూడా నన్నంత తేలిగ్గా తీసెయ్యలేదు.

ఆ మూడో నవలతోనే మా ఇంట్లో ఒక రూలు పుట్టింది. నాకు పాత్రలకి పేర్లు పెట్టడం ఓ పట్టాన తెమలదు. అందుకని మొదట రాసేటప్పుడు మేకల చెవిపోగుల మీది నంబర్లు పెట్టుకుంటాను. పెంకి పాత్రకి పెంకి మేక నంబరు. తర్వాత కంప్యూటర్లో నంబర్లు తీసి పేర్లు పెడతాను. ఆ ఏడాది మేకలన్నీ ఒక్కసారి ఈనాయి. కవలలు, ముగ్గురేసి. షెడ్డులోంచి కాలు బయట పెట్టలేదు. చివరి రెండు అధ్యాయాలు ఆయనకి చదవకుండానే విజయవాడలో ప్రచురణకర్తకి పంపేశాను. పుస్తకం వచ్చాక నెల్లూరు నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, "అమ్మా, నూట తొంభై ఏడో పేజీలో 'డెబ్భై రెండు కన్నీళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది' అని ఉందండీ. కన్నీళ్ళని లెక్కపెట్టడంలో ఏదైనా ప్రతీక ఉందా?" అని అడిగారు. డెబ్భై రెండు మా పెంకి మేక. ప్రతీక ఉందండీ అని చెప్పేశాను. ఏం చెయ్యను!

ఆ రోజు నుంచి రూలు: ఆయన వినని పేజీ అచ్చుకి వెళ్ళకూడదు. ప్రచురణకర్త తొందరపెట్టినా, దేవుడు దిగొచ్చినా.

ప్రచురణకర్తది విజయవాడ. ఆయన షాపు తీసి, అగరొత్తులు వెలిగించి, మొదటి ఫోన్ నాకు చేస్తాడు. అప్పుడు ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర, నేను దాణా బస్తాతో ఉంటాను. పొలంలో సిగ్నల్ అందేది నీళ్ళ ట్యాంకు ఉన్న గుట్ట మీదే. ఫోన్ ఒకసారి మోగి తెగిపోతే గుట్ట ఎక్కి నేనే తిరిగి చేస్తాను. నా నవలల అట్టల రంగులు, ప్రూఫుల్లో తప్పులు, ముందుమాట ఎవరు రాయాలన్న గొడవలు, అన్నీ ఆ గుట్ట మీదే తేలాయి. వెనక మేకలు అరుస్తుంటే ఆయన ప్రతిసారీ "మేడమ్, ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" అంటాడు. మేకలని ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోతాడు.

నాలుగో నవల సంగతి చెప్పాలి. అది ఆయన చిన్నతనం. రైల్వే క్వార్టర్లు, లోకోషెడ్డు సైరను, బొగ్గులేరుకొచ్చే పిల్లలు, అందరి కంటే మా అత్తగారు. ఆవిడని నేను చూసింది నాలుగేళ్ళే. మిగతాదంతా ఆయన కార్లోనూ కంచె బాగుచేస్తూనూ చెప్పిన మాటల్లోంచి ఏరుకున్నది. చదువుతూ నేనే మధ్యలో ఆగి కళ్ళు తుడుచుకునేదాన్ని. ఆయన మాత్రం తల వంచుకుని, గిట్ట మీద నుంచి చూపు తిప్పకుండా, "హూఁ, హూఁ" అంటూ పోయారు. ఒక్క తప్పు పట్టలేదు. ఒక్కసారి తలెత్తలేదు. వాళ్ళమ్మని ఇంత దగ్గరగా వింటే మాట పెగలక అలా ఉన్నారని అనుకున్నాను. ఆ మౌనాన్ని నా జీవితంలో వచ్చిన పెద్ద బహుమతి కింద దాచుకున్నాను. ఆ పుస్తకం రెండోసారి కూడా వేశారు. పాయింట్ కుక్ అత్తగార్లంతా ఏడిచింది దానికే.

ఇప్పుడు అయిదోది. నవంబరు ఆఖరుకి ఫైలు వస్తే జనవరి పుస్తకాల పండక్కి తెస్తానన్నాడు ప్రచురణకర్త. దాటితే ఏడాది ఆగాలి. సెప్టెంబరులో పిల్లలన్నీ నిలదొక్కుకున్నాక గిట్టలు మొదలుపెట్టాం, నేను చదవడం మొదలుపెట్టాను. హూఁ, హూఁ, హూఁ. అధ్యాయం తర్వాత అధ్యాయం ఒక్క గొడవ లేకుండా సాగిపోయింది. మొదట నాకు గర్వం వచ్చింది. అయిదో నవలకి చెయ్యి తిరిగినట్టుందే అనుకున్నాను. రెండు రోజులు నా నడక కూడా మారిందని నాకే తెలిసింది.

పదకొండో అధ్యాయంలో పెళ్ళి. వచ్చినవాళ్ళ పేర్లు చదువుకుంటూ పోతుంటే ఒక పేరు దగ్గర నా నాలుక ఆగింది. ఆ మనిషిని ఆరో అధ్యాయంలో చంపేశాను. దినవారాలు కూడా చేయించాను. ఆవిడ పట్టుచీర కట్టుకుని పెళ్ళికొచ్చి గంధం పూయించుకుంటోంది. నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టిన మనిషి ఎదురుగా కూర్చుని "హూఁ" అన్నారు.

నాకు అనుమానం వచ్చింది. కాగితం మీద నుంచి చూపు తిప్పకుండా, అదే గొంతుతో, అదే లయలో, "మేకలన్నీ అమ్మేసి మళ్ళీ పాయింట్ కుక్ వెళ్ళిపోదాం అనుకుంటున్నానండీ" అని చదివాను.

"హూఁ" అన్నారు.

కాగితాలు మడిచి లేచాను. నా నీడ కదిలేసరికి తలెత్తి, "అయిపోయిందా? బాగుంది" అన్నారు. ఒళ్ళు మండిపోయింది నాకు. పాతికేళ్ళ పైచిలుకు కాపురంలో ఆయన బాగుంది అన్న వంటకం లేదు, చీర లేదు, నవల లేదు. విసుగు పుడితే "ఇంకో మేకని తే" అనే మనిషి, ఇప్పుడు ఆ మాట కూడా దండగనుకుని బాగుంది అంటున్నారన్నమాట. వినడం మానేసి ఎన్నాళ్ళయిందో ఏమో!

మూడు వారాలు సాధించాను. అడిగితే పొడిపొడిగా జవాబు. ఆయన వంటింట్లోకి వచ్చి నా ముఖంలోకి చూసి, "తలనొప్పేటి? ఉప్మా చెయ్యనా?" అనేవారు. వద్దు అనేదాన్ని. చేసేవారు. తినేదాన్ని. గిట్టల రోజు వస్తే నాకు వేరే పనుందని వెళ్ళలేదు. ఇంకో పక్క ప్రచురణకర్త గుట్ట ఎక్కించి దించుతున్నాడు. రూలు లేదు గీలు లేదు, వినని మనిషి కోసం నవల ఆపుకోవడం ఏమిటి, సోమవారం ఫైలు పంపేస్తానని నిశ్చయించుకున్నాను. చచ్చిపోయిన ఆవిడని పెళ్ళి నుంచి నేనే పంపించేశాను. కానీ ఇంకేం తప్పులున్నాయో నాకు కనపడవని నాకు తెలుసు. ఆ భయం కోపంతో కలిసి లోపల గుచ్చుతూనే ఉంది.

ఆ ఆదివారం మా అమ్మాయి వచ్చింది. వెర్రిబీలో ఫిజియోథెరపిస్టు. ఇక్కడే పుట్టింది, మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెప్తుంది. షెడ్డు వైపు చూసి, "వై ఈజ్ నాన్న డూయింగ్ ఇట్ ఎలోన్?" అంది. ఎవరో ఒకరు అడగడం కోసమే కాచుకుని ఉన్నానేమో, మొత్తం వెళ్ళగక్కాను. హూఁలు, పెళ్ళికొచ్చిన చచ్చిన మనిషి, పాయింట్ కుక్, బాగుంది, అన్నీ.

అది కప్పు కింద పెట్టి నా వైపు వింతగా చూసింది. "అమ్మా, ఆర్ యూ సీరియస్? హి కాంట్ హియర్ యూ."

"వినరనే కదే నేను చెప్తున్నది."

"నో అమ్మా. వినపడదు." ఆ ఒక్క మాటా తెలుగులో అంది. "హి రీడ్స్ ఫేసెస్. వీడియో కాల్ అయితేనే నాతో మాట్లాడతాడు. టీవీలో క్యాప్షన్స్ పెట్టుకుంటాడు. ఐ థాట్ యూ న్యూ!"

నాకు ఒక్కొక్కటీ తట్టింది. మేకల కోసం వచ్చే ఫోన్లన్నీ నాకే ఎందుకు ఇస్తారో. వంటింట్లో ముఖంలోకి ఎందుకు చూస్తారో. గిట్టలు కోసేటప్పుడు ఆయన తల కిందికి ఉంటుంది. నా ముఖం కనపడదు.

లేచి షెడ్డుకి వెళ్ళాను. ఆయన గుమ్మానికి వీపు పెట్టి స్టూలు మీద కూర్చుని ఉన్నారు. "ఏమండీ" అన్నాను. పలకలేదు. ఇంకాస్త గట్టిగా, "ఏమండీ!" అన్నాను. దొడ్లో ఉన్న మేకలన్నీ ఒక్కసారి తలలు తిప్పి నా వైపు చూశాయి. బల్ల మీద ఉన్న మేక కూడా, బిగించిన మెడని వీలైనంత తిప్పి చూసింది. ఆయన మాత్రం గిట్ట కోసుకుంటూనే ఉన్నారు.

చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. నా ముఖం చూసి కత్తెర కింద పెట్టేశారు. చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయిందనుకుంటాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఫ్యాక్టరీలోనే మొదలైందిలే. మెల్లమెల్లగా." ప్యాంటుకి చేతులు తుడుచుకున్నారు. "ఎదురుగా ఉంటే తెలిసిపోద్ది. ఇక్కడే, కొంచెం..."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే చదవడం మానేస్తావు కదా."

"వినపడనిదానికి కూర్చోవడం దేనికండీ?"

"ఏటి దేనికి? నువ్వొచ్చి కూర్చుంటావు. చదువుతావు. చదివినంతసేపూ మేక కదలదు, నువ్వాపితే తల తిప్పుద్ది. దాన్నిబట్టి హూఁ అంటాను." తప్పు ఒప్పుకునే పిల్లాడిలా, "పెళ్ళిలో ఏదో అయినట్టుంది కదా? చాలాసేపు ఆపీసేవు" అన్నారు.

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అప్పుడు ఇంకో సంగతి తట్టింది. అడగాలంటే భయం వేసింది, అయినా అడిగాను. "పోయిన పుస్తకం? ఖరగ్‌పూర్‌ది?"

ఆయన నా ముఖం మీద నుంచి చూపు తిప్పేశారు. అలా తిప్పేస్తే నేనేం అన్నా ఆయనకి అందదని అప్పటికి నాకు తెలుసు. చెయ్యి పట్టుకుని మళ్ళీ నా వైపు తిప్పుకున్నాను. "విన్నారా?"

"అందరూ బాగుందన్నారు కదా" అన్నారు.

అంటే ఎక్కడెక్కడి అత్తగార్లో చదివి ఏడిచిన వాళ్ళమ్మ కథ, ఆయనొక్కరే వినలేదు. నేను బహుమతిగా దాచుకున్న మౌనం ఉత్త చెవుడు. అంత సిగ్గు నాకెప్పుడూ వెయ్యలేదు. పెళ్ళికి ముందు నేను ఏ ఉత్తరంలో ఏం రాశానో పొల్లు పోకుండా చెప్పగల మనిషి చెవి సంగతి, పక్కనే ఉండి, మనుషుల గురించి నవలలు రాసుకుంటూ, నేను కనిపెట్టలేదు.

సోమవారం గుట్ట ఎక్కి ప్రచురణకర్తకి ఫోన్ చేసి నవల ఈ ఏడు రాదని చెప్పాను. "అదేంటి మేడమ్, పూర్తయిందన్నారుగా?" అన్నాడు. రాయడం పూర్తయింది, వినడం పూర్తవలేదు అన్నాను. లైన్ సరిగ్గా లేదనుకున్నాడు పాపం, మళ్ళీ చేస్తానని పెట్టేశాడు.

అమ్మాయి దగ్గరుండి జీలాంగ్ తీసుకెళ్ళి పరీక్షలు చేయించింది. రెండు చెవులకీ చిన్న మిషన్లు పెట్టారు. మొదటి వారం ఆయనకి లోకం మీద కోపం వచ్చింది. ఫ్రిజ్ ఇంత గోల చేస్తుందా, నేను ఇంత గట్టిగా నమిలి తింటానా అని. షెడ్డులో రేకుల మోతకి మిషన్లు కీచుమంటాయి, అందుకని ఎదురుగా కూర్చుని, ముఖం కనపడేలా మాట్లాడాలని చెప్పింది పరీక్ష చేసినావిడ. ఎదురుగా అంటే ఎక్కడ? ఆయన మేకకి ఇవతల స్టూలు మీద, తల వంచుకుని. చివరికి ఒక బకెట్ బోర్లించి బల్లకి అవతల కూర్చుని చూశాను. మేక నాలుగు కాళ్ళ మధ్య నుంచి ఆయనకి నా ముఖం, నాకు ఆయన ముఖం సరిగ్గా కనపడ్డాయి. పైనుంచి అప్పుడప్పుడూ దాణా రాలుతుంది. ఇంకా ఏమైనా రాలవచ్చు. రచయిత్రిగా నా స్థానం ఇది.

కొత్త నవల కాగితాలు తీస్తుంటే ఆయన వద్దన్నారు. "ముందు అది" అన్నారు.

ఇంట్లోకి వెళ్ళి నాలుగో నవల రెండో ముద్రణ కాపీ తెచ్చాను. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ఆయన గిట్ట కోస్తూ, ఒక్కో వాక్యానికీ తలెత్తి నా పెదాలు చూస్తూ విన్నారు. లోకోషెడ్డు సైరను, బొగ్గుల బుట్ట, తెల్లారకముందే వాకిట్లో కుంపటి. మూడో పేజీలో మా అత్తగారు వస్తుంది. పాత క్యాలెండర్ అట్ట కుడిచేత్తో పట్టుకుని కుంపటి విసురుతూ ఉంటుంది.

"ఆగు" అన్నారు.

ఆగాను.

"మా అమ్మది ఎడమచేతి వాటం."

నాకు తెలియదు. నాలుగేళ్ళు చూశాను, ఆవిడ చేత్తో పెట్టిన అన్నం తిన్నాను, గమనించలేదు. "అచ్చయిపోయిందండీ" అన్నాను.

"ఎంతమంది చదివుంటారు?"

"చాలామంది."

"అందరికీ కుడిచెయ్యేనా?" అన్నారు.

అవునన్నాను. గొంతు సరిగ్గా రాలేదు, కానీ ముఖం ఎదురుగానే ఉంది. జేబులోంచి పెన్ను తీసి 'కుడి' కొట్టేసి పైన 'ఎడమ' అని రాశాను. ఆయన స్టూలు మీద నుంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా పక్కన మట్టిలోనే చతికిలబడి, "ఏదీ, చూపించు" అన్నారు. చూపించాను. అక్షరం రాని మనిషి, గిట్టల మట్టి అంటిన బొటనవేలు ఆ మాట మీద పెట్టి కాసేపు అలాగే ఉన్నారు.

తర్వాత, "ఊఁ, చదువు" అన్నారు.